కొన్న బండిని విప్పేసిన మనిషి: జి.డి. నాయుడు

అమీర్‌పేటలో ఏ షాపుకెళ్లి ల్యాప్‌టాప్ చార్జర్ అడిగినా ముందు ధర చెప్పరు, ఒక ప్రశ్న వేస్తారు. ఒరిజినలా, కంపాటిబులా అని. మైత్రీవనం చుట్టుపక్కల తిరిగే మనందరికీ ఈ ప్రశ్న అలవాటే. రెండిటికీ పిన్ను ఒకటే, వోల్టేజీ ఒకటే, రంగు కూడా ఒకటే. ధరలో మాత్రం చాలా తేడా. మనం జేబు చూసుకుని ఏదో ఒకటి చెప్పేస్తాం, అంతటితో అయిపోతుంది.

అదే ప్రశ్న లారీ ఓనరుకి ఎదురైతే అంత తేలిగ్గా అయిపోదు. మా పెదనాన్నకి ఒక లారీ ఉంది. ఆ మధ్య ఇంజిన్ ఆయిల్ తాగడం మొదలుపెట్టింది, సైలెన్సర్ నుంచి నీలం పొగ. మెకానిక్ ఇంజిన్ దింపాలన్నాడు. లైనర్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు, హెడ్ గ్యాస్కెట్, వాల్వులు, నాజిళ్లు అంటూ ఒక కాగితం నిండా లిస్టు రాసిచ్చాడు. ప్రతి సామానుకీ పక్కన రెండు ధరలు. ఒకటి కంపెనీది, రెండోది బయటిది. మొత్తం కూడితే రెండిటి మధ్య తేడా ఫైనాన్స్ వాళ్లకి కట్టాల్సిన రెండు నెలల కిస్తీ అంత ఉంది. ఏది వేయించాలో చెప్పమని పెదనాన్న నన్ను అడిగాడు. నేను చదివేది కంప్యూటర్ సైన్స్. ఇంజిన్ గురించి నాకు తెలిసింది ఇంటర్ ఫిజిక్స్‌లో కార్నో సైకిల్ వరకే. కానీ ఇంట్లో ఇంజినీరింగ్ చదివేవాళ్లు ఉంటే వాళ్లకి అన్నీ తెలిసినట్టే లెక్క కదా.

ఆ జవాబు కోసం చదువుతూ పోతుంటే నాకు ఒక మనిషి తారసపడ్డారు. బయటి నుంచి వచ్చిన వస్తువుని గుడ్డిగా నమ్మకుండా, గుడ్డిగా తీసిపారేయకుండా, విప్పి చూసి నిర్ణయించుకోవడమే జీవితంగా బతికిన మనిషి. ఆయన మన తెలుగువాడు. కానీ మనలో చాలామందికి ఆయన పేరు తెలియదు. అందుకే ఈ వ్యాసం.

ఇంట్లో తెలుగు, బయట తమిళం

ఆయన పూర్తి పేరు గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. అందరూ జి.డి. నాయుడు అంటారు. 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెటూళ్లో పుట్టారు. రైతు కుటుంబం. ఎప్పుడో విజయనగర, నాయక రాజుల కాలంలో అటు వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ జిల్లాలో చాలా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. నాయుడు గారిది అలాంటి ఇల్లే. తమిళనాడులో ఆయన్ని భారతదేశపు ఎడిసన్ అని పిలుచుకుంటారు.

తల్లి ఆయన పసితనంలోనే చనిపోయారు. మేనమామ దగ్గర పెరిగారు. బడి అంటే అస్సలు పడేది కాదు. పంతులు మీద ఇసుక చల్లి బడి నుంచి బయటపడ్డారని ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. చదువు చిన్న తరగతుల్లోనే ఆగిపోయింది. మామూలుగా అయితే పొలం పనుల్లో పడి ఊళ్లోనే ఉండిపోవాల్సిన కుర్రాడు.

కానీ ఒకరోజు ఆ ఊరి మీదుగా ఒక తెల్ల అధికారి రడ్జ్ కంపెనీ మోటార్‌సైకిల్ మీద వెళ్లాడు. ఎద్దు లేదు, గుర్రం లేదు, తొక్కే పెడల్ లేదు, బండి దానంతట అది పోతోంది. ఆ రోజుల్లో పల్లెటూళ్లో అది ఎంత వింతో మనం ఊహించుకోవాల్సిందే. ఆ బండి నాయుడు గారి బుర్రలోంచి పోలేదు. ఇల్లు వదిలి కోయంబత్తూరు వెళ్లి ఒక హోటల్లో సర్వర్‌గా చేరారు. సుమారు మూడేళ్లు పైసా పైసా కూడబెట్టి ఒక మోటార్‌సైకిల్ కొన్నారు.

కొన్నాక మనమైతే ఏం చేస్తాం? ఊళ్లో ఒక రౌండ్ కొడతాం. ఆయన దాన్ని ముక్క ముక్కగా విప్పేశారు. ఏ ముక్క ఏం చేస్తోంది, దేని తర్వాత ఏది కదులుతోంది అని చూసుకుని మళ్లీ బిగించారు. నేర్పిన గురువు లేడు, చదవడానికి మాన్యువల్ కూడా లేదు. ఆయన ఇంజినీరింగ్ కాలేజీ ఆ మోటార్‌సైకిలే. ఆ తర్వాత మెకానిక్‌గా బతుకు మొదలైంది.

మధ్యలో పత్తి వ్యాపారం కూడా చేశారు. డబ్బు వచ్చింది. బొంబాయి వెళ్లి అక్కడి పత్తి మార్కెట్లో ఆ డబ్బంతా పోగొట్టుకున్నారు. ఖాళీ చేతులతో కోయంబత్తూరు తిరిగొచ్చారు. అక్కడి వ్యాపారవేత్త రాబర్ట్ స్టేన్స్ దగ్గర పనికి చేరారు. ఈ కుర్రాడి చేతిలో పని ఉందని స్టేన్స్ గ్రహించి ఒక బస్సు కొనుక్కోవడానికి సాయం చేశారు.

పొల్లాచ్చి నుంచి పళని దాకా

1920లో ఆ ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళని మధ్య సర్వీసు మొదలైంది. డ్రైవరు ఆయనే, మెకానిక్కూ ఆయనే. పళని అంటే మురుగన్ గుడి, భక్తులకి కొదవ లేదు. కొన్నేళ్లకే ఆ ఒక్క బస్సు యూఎంఎస్ అనే పెద్ద సంస్థ అయింది. దేశంలో బాగా నడిచే బస్సు సంస్థల్లో ఒకటిగా దానికి పేరు వచ్చింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆ కాలం ఎలాంటిదో చూడాలి. 1920లో మన దేశంలో బస్సు ఇంజిన్ తయారు చేసేవాళ్లు లేరు. చాసిస్ మొత్తం అమెరికా నుంచో ఇంగ్లండ్ నుంచో ఓడలో రావాలి. జనరల్ మోటార్స్ బొంబాయిలో బండ్లు బిగించడం మొదలుపెట్టిందే 1928లో. అది కూడా బయటి నుంచి వచ్చిన ముక్కల్ని కలపడమే. మన హైదరాబాద్ సంగతి చూసినా 1932లో నిజాం ప్రభుత్వ రైల్వే వాళ్లు రోడ్డు మీదికి తెచ్చిన మొదటి 27 బస్సులు స్కాట్లండ్ దేశపు ఆల్బియన్ బస్సులే. పిస్టన్లు తయారు చేసే ఇండియా పిస్టన్స్ మద్రాసులో వచ్చింది 1949లో. డీజిల్ పంపులు, స్పార్క్ ప్లగ్గులు చేసే మైకో బెంగళూరులో మొదలైంది 1951లో.

అంటే అప్పటి బస్సు ఓనరుకి బేరింగు పోతే రెండే దారులు. ఒరిజినల్ కావాలంటే ఆర్డరు పెట్టి ఓడ వచ్చేదాకా బస్సుని షెడ్డులో నిలబెట్టాలి. లేదంటే ఊళ్లో కమ్మరి, లేత్ మెషిన్ దగ్గర కూర్చుని చేయించుకోవాలి. మొదటి దారిలో బస్సు తిరగదు, కాబట్టి డబ్బు రాదు. రెండో దారిలో చేయించిన ముక్క కొలత తప్పితే ఘాట్ రోడ్డు మీద బస్సు ఆగిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక ఓడల సంగతి ఇంకా కష్టమైంది. పెట్రోలుకి రేషన్ పెట్టారు. బొగ్గు గ్యాసు మీద బస్సులు నడిపిన రోజులవి.

ఇలాంటి కాలంలో పెద్ద బస్సు సంస్థని నడపాలంటే టికెట్లు కోసి డబ్బు లెక్కపెట్టుకోవడం ఒక్కటే వస్తే చాలదు. సొంత వర్క్‌షాప్ ఉండాలి, అందులో కొలవడం వచ్చిన మనుషులు ఉండాలి. బండిని విప్పి బిగించడం ద్వారా పని నేర్చుకున్న నాయుడు గారికి ఇది ఇబ్బంది కాలేదు, బలం అయింది. అందరికీ బస్సు అంటే ఒక వస్తువు. ఆయనకి బస్సు అంటే కొన్ని వేల ముక్కలు.

డబ్బా మీద పేరు, డబ్బాలో సామాను

మళ్లీ పెదనాన్న లిస్టు దగ్గరికి వద్దాం. ఒరిజినల్, లోకల్ అని రెండే రకాలు ఉంటాయని నేను అనుకునేవాణ్ణి. చదివాక, మెకానిక్‌తో మాట్లాడాక తెలిసింది అవి కనీసం నాలుగని.

లారీ కంపెనీ తన ఇంజిన్‌లో ఉండే ప్రతి ముక్కనీ తనే తయారు చేసుకోదు. పిస్టన్లు ఒకళ్లు, రింగులు ఒకళ్లు, ఫ్యూయెల్ పంపు ఇంకొకళ్లు చేసి ఇస్తారు. లారీ కంపెనీ వాటిని పరీక్షించి తన పేరున్న డబ్బాలో పెట్టి అమ్మితే అది జెన్యూన్ పార్ట్. ఇది మొదటి రకం. అదే పిస్టన్ కంపెనీ తన సొంత పేరున్న డబ్బాలో బయట మార్కెట్‌కి కూడా అమ్ముతుంది. ఇది రెండో రకం. చాలాసార్లు సామాను అదే ఉంటుంది, ధర తగ్గుతుంది. మూడో రకం, ఆ లారీ కంపెనీకి ఎప్పుడూ సరుకు ఇవ్వకపోయినా తన సొంత పేరు మీద తయారు చేసే కంపెనీ. వీటిలో చాలా మంచివీ ఉన్నాయి, నాసిరకంవీ ఉన్నాయి. నాలుగోది డూప్లికేట్. వేరేవాళ్ల పేరు, వేరేవాళ్ల డబ్బా, వేరేవాళ్ల హోలోగ్రామ్ అచ్చు వేసి అమ్మేది. ఇది ఆఫ్టర్‌మార్కెట్ కాదు, మోసం. గొడవేమిటంటే బయట మాటల్లో రెండు, మూడు, నాలుగు రకాలన్నిటినీ కలిపి లోకల్ అనేస్తారు. దాంతో మంచి కంపెనీ సరుకు కొనాల్సిన చోట భయపడి ఎక్కువ డబ్బు పెడతాం, లేదా చవకని డూప్లికేట్ తెచ్చుకుంటాం.

కాపీ చేసేవాడికి తేలిగ్గా దొరికేది ఆకారం. వెర్నియర్ పెట్టి కొలిస్తే వ్యాసం, పొడవు వచ్చేస్తాయి. కానీ ఏ లోహం వాడారు, దాన్ని ఎంత వేడిలో ఎంతసేపు ఉంచి ఎలా చల్లార్చారు, పైన ఎలాంటి పూత వేశారు అనేవి వెర్నియర్‌కి దొరకవు. లైనర్ లోపలి గోడ మీద సన్నని అడ్డగీతలు ఉంటాయి. ఆయిల్ ఆ గీతల్లో నిలబడితేనే రింగు, లైనర్ ఒకదాన్నొకటి తినేయకుండా ఉంటాయి. ఆ గీతల లోతు, కోణం సరిగ్గా లేకపోతే కొత్త ఇంజిన్ కూడా ఆయిల్ తాగుతుంది. డీజిల్ నాజిల్ సంగతి ఇంకా సున్నితం. లోపల కదిలే సూదికి, దాని చుట్టూ ఉన్న గొట్టానికి మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు. మన తల వెంట్రుక సుమారు 70 మైక్రాన్ల మందం. ఇప్పుడు వస్తున్న బీఎస్-6 లారీల్లో కామన్ రైల్ ఇంజిన్లు. అందులో డీజిల్ 1,600 బార్, అంతకంటే ఎక్కువ ఒత్తిడితో చిమ్ముతుంది. ఆ ఒత్తిడి దగ్గర ఉజ్జాయింపు పని చేయదు.

ఇంకో లెక్క కూడా ఉంది. ముక్క ధర ఒకటి, అది పోతే అయ్యే ఖర్చు ఇంకొకటి. లైనర్ కింద వేసే రబ్బరు రింగు చూడ్డానికి గాజులా ఉంటుంది, ధర చాలా తక్కువ. కానీ అది లీకైతే నీళ్లు ఆయిల్లో కలుస్తాయి, బేరింగులు పోతాయి, ఇంజిన్ మళ్లీ దింపాలి. కూలీ రెండోసారి, సామాను రెండోసారి, లోడు మధ్యలో ఆగిపోయినందుకు పార్టీతో మాట పడటం అదనం. ఫ్యాన్ బెల్ట్ అలా కాదు. తెగితే రోడ్డు పక్కనే మార్చుకోవచ్చు, వెంటనే ఆపుకుంటే ఇంజిన్‌కి ఏమీ కాదు. కాబట్టి మనం అడగాల్సింది ఈ ముక్క ధర ఎంత అని కాదు, ఇది పోతే ఏమేం పోతాయి అని.

చివరికి పెదనాన్న లిస్టుని మూడు భాగాలు చేశాడు. నాజిళ్లు, బేరింగులు, హెడ్ గ్యాస్కెట్, రబ్బరు రింగులు లారీ కంపెనీ డబ్బాలోనివే తెచ్చాడు. పిస్టన్లు, లైనర్లు, రింగులు ఒకే పిస్టన్ కంపెనీవి, దాని సొంత డబ్బాలోవి, పార్ట్ నంబరు సరిచూసుకుని, డీలరు దగ్గర బిల్లుతో తీసుకున్నాడు. హోస్ పైపులు, బెల్టులు, క్లిప్పులు మంచి పేరున్న బయటి కంపెనీవి. పాత సామాను మొత్తం సంచిలో కట్టించి తన దగ్గర పెట్టుకున్నాడు. కొత్తవి బిగించే ముందు మెకానిక్ ప్రతి బోరునీ కొలిచి కాగితం మీద రాశాడు. ఫైనాన్స్ కిస్తీలో ఒకటిన్నర నెలది మిగిలింది. లారీకి వారంటీ ఎప్పుడో అయిపోయింది కాబట్టి ఈ పని చేయగలిగాడు. వారంటీలో ఉన్న బండికైతే బయటి సామాను వేయించే ముందు ఆ షరతులు చదువుకోవాలి.

మోటారు, రేజరు, రేడియో

నాయుడు గారి జీవితంలో తర్వాతి భాగం చదువుతుంటే ఆయన ఈ నాలుగు రకాల్లో దేనికీ చెందడని నాకనిపించింది. ఆయన కాపీ చేయలేదు. అసలు ఈ ముక్క పనేమిటి అని అడిగి మొదటి నుంచి మొదలుపెట్టేవారు.

1930ల్లో నీలగిరుల్లోని పైకారా దగ్గర నుంచి జలవిద్యుత్తు కోయంబత్తూరుకి వచ్చింది. కరెంటు ఉంది, బావుల్లో నీళ్లున్నాయి, మిల్లులు పెరుగుతున్నాయి. కానీ మోటార్లన్నీ బయటి దేశాలవే. 1937లో నాయుడు గారు, డి. బాలసుందరం నాయుడు కలిసి పీలమేడులోని నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్‌లో ఒక మోటారు తయారు చేశారు. మన దేశంలో తయారైన తొలి ఎలక్ట్రిక్ మోటారుగా దాన్ని చెప్పుకుంటారు. బాలసుందరం నాయుడు తర్వాత టెక్స్‌టూల్ కంపెనీ స్థాపించారు. ఇవాళ దేశమంతా పొలాల్లో తిరిగే పంపుసెట్లలో కోయంబత్తూరు పేరు ఎందుకు కనిపిస్తుందో వెతికితే ఆ దారి 1937 దాకా వెళ్తుంది.

ఆయన యూరప్ వెళ్లారు. అక్కడ ఫ్యాక్టరీలు చూశారు. 1936లో ఐదో జార్జి చక్రవర్తి అంత్యక్రియల్ని లండన్‌లో తన కెమెరాతో సినిమా తీశారు. అదే ఏడాది ఇక్కడ ఎన్నికల్లో నిలబడి ఓడిపోయారు. రసాంట్ అనే పేరుతో ఒక రేజరు చేశారు. చిన్న మోటారు, బ్యాటరీ సెల్స్ మీద నడిచేది. చాలా పల్చటి షేవింగ్ బ్లేడ్లు, పళ్ల రసం తీసే మిషను, కిరోసిన్ మీద తిరిగే ఫ్యాను, ఎవరూ మార్చడానికి వీల్లేని ఓటింగ్ మిషను, ఇలా లిస్టు పెద్దదే. 1941లో ఐదు వాల్వుల రేడియోని 70 రూపాయలకి తయారు చేసి ఇవ్వగలనని ప్రకటించారు. 1952లో రెండు సీట్ల పెట్రోల్ కారు తయారైంది. ధర 2,000 రూపాయలు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. కారు అక్కడితో ఆగిపోయింది.

ఆ కారు సంగతి చదివి నేను చాలాసేపు ఆలోచించాను. అప్పటి లైసెన్సుల కాలంలో కారు తయారు చేయడానికి అనుమతి ఉన్న కంపెనీలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. అవి చేసేవి కూడా విదేశీ మోడళ్లే. అంటే విదేశీ కంపెనీ డిజైన్‌కి అనుమతి దొరికింది, కోయంబత్తూరులో మొదటి నుంచి ఆలోచించి చేసిన దానికి దొరకలేదు. ఒరిజినల్ అనే మాటకి అర్థం తలకిందులైంది ఇక్కడే. ముద్ర ఉన్నది ఒరిజినల్ అయింది, నిజంగా సొంతంగా పుట్టింది లోకల్ అయింది.

ముక్క పనేమిటి అని మొదటి నుంచి అడిగితే ఏం జరుగుతుందో చెప్పడానికి మన పక్కనే ఒక ఉదాహరణ ఉంది. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వెళ్తే నిమ్స్ వస్తుంది. అబ్దుల్ కలాం గారు హైదరాబాద్‌లో డీఆర్‌డీఎల్‌లో పనిచేసే రోజుల్లో నిమ్స్ ఎముకల డాక్టరు ఒకరు ఆయన ల్యాబుకి వెళ్లి, క్షిపణి కోసం తయారు చేసిన తేలికైన పదార్థాన్ని చేతిలోకి తీసుకుని చూశారు. తర్వాత కలాం గారిని ఆసుపత్రికి తీసుకొచ్చి, సుమారు మూడు కిలోల బరువున్న లోహపు క్యాలిపర్లు కాళ్లకి కట్టుకుని ఈడ్చుకుంటూ నడిచే పిల్లల్ని చూపించారు. కొన్ని వారాల్లోనే 300 గ్రాముల క్యాలిపర్లు తయారయ్యాయి. పాత క్యాలిపర్‌ని చవకగా కాపీ చేసి ఉంటే అది కూడా మూడు కిలోలే ఉండేది. నాయుడు గారు బతికుంటే ఈ పనిని ఎంత మెచ్చుకునేవారో అనిపిస్తుంది.

నాలుగేళ్లా, రెండేళ్లా

ఇక మన కాలేజీ వాళ్లందరికీ సంబంధించిన సంగతి. కోయంబత్తూరులో ఒక పాలిటెక్నిక్, ఒక ఇంజినీరింగ్ కాలేజీ రావడానికి నాయుడు గారు పూనుకున్నారు, విరాళం ఇచ్చారు. అప్పటి మద్రాసు గవర్నర్ ఆర్థర్ హోప్ పేరు వాటికి పెట్టారు. ఇప్పుడు అక్కడ ప్రసిద్ధమైన గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ ఆ కాలేజీయే. 1945లో దానికి ప్రిన్సిపల్ ఎవరో తెలుసా? హైస్కూలు మొహం కూడా చూడని నాయుడు గారే.

ప్రిన్సిపల్ అయ్యాక ఆయన అన్నది ఇది. ఇంజినీరింగ్‌కి నాలుగేళ్లు దండగ, అదే పాఠం రెండేళ్లలో చెప్పొచ్చు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన రాజీనామా చేసి వెళ్లిపోయారు.

ఇది చదివినప్పుడు నాకు వెంటనే గుర్తొచ్చింది అమీర్‌పేట. కరెంటు స్తంభాల మీద, గోడల మీద, మెట్రో పిల్లర్ల కింద కోర్సుల బోర్డులు. జావా, పైథాన్, డేటా సైన్స్, 45 రోజులు, 60 రోజులు, మూడు నెలలు. నాలుగేళ్ల డిగ్రీ పూర్తి చేసినవాళ్లే అక్కడికి వచ్చి మళ్లీ ఫీజు కడుతున్నారు. ఒక రకంగా చూస్తే కాలేజీ డిగ్రీ కంపెనీ సామాను, అమీర్‌పేట కోర్సు బయటి సామాను. ఇంటర్వ్యూలో రెండూ ఒకే సందులో కూర్చోవాలి. నాయుడు గారు గెలిచారని, ఆయన మాటని ప్రభుత్వం వినకపోయినా అమీర్‌పేట విన్నదని చెప్పడం చాలా తేలిక. మా క్లాసులో అలా అనేవాళ్లు చాలామందే ఉన్నారు.

కానీ నేను ఆయనతో ఇక్కడ పూర్తిగా ఏకీభవించలేకపోతున్నాను. ఇంజిన్ సామాను గురించి చదివినందువల్లే. కాపీ ముక్కకీ అసలు ముక్కకీ తేడా మొదటి రోజు తెలియదు. రెండూ బోరులో చక్కగా కూర్చుంటాయి, ఇంజిన్ స్టార్ట్ అవుతుంది. తేడా తెలిసేది వేల కిలోమీటర్లు తిరిగాక, ఎండాకాలం ఫుల్ లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడు. లోహాన్ని వేడి చేసి గట్టిపరచడానికి పట్టే టైము కొంత ఉంటుంది, దాన్ని తొందరపెడితే పైకి కనపడదు గానీ లోపల మెత్తగా ఉండిపోతుంది. ఒక ఫ్రేమ్‌వర్క్ వాడటం రెండు నెలల్లో వస్తుంది. అది ఎందుకు అలా పనిచేస్తోందో, రేపు అది పోయి ఇంకోటి వస్తే ఏం చేయాలో తెలియడానికి టైము కావాలి. ఆపరేటింగ్ సిస్టమ్స్, డిస్క్రీట్ మ్యాథ్స్ క్లాసులో కూర్చుని ఇది ఎందుకురా బాబూ అనుకునే మనకి ఆ పీరియడ్లు గట్టిపరిచే కొలిమి లాంటివి అయ్యుండొచ్చు.

అయితే నాలుగేళ్లు కూర్చున్నంత మాత్రాన గట్టిపడతామనీ కాదు. నాయుడు గారి కోపం దాని మీదే అని నాకనిపిస్తుంది. ఆయన మూడేళ్లు హోటల్లో పనిచేసింది బండి కోసం. కొన్నాక విప్పారు. జీవితమంతా విప్పుతూనే ఉన్నారు. రెండేళ్లు చాలన్న మనిషి తను మాత్రం యాభై ఏళ్లు నేర్చుకున్నారు. డిగ్రీ డబ్బా మీద కాలేజీ పేరు ఉంటే చాలనుకునేవాళ్లు జెన్యూన్ స్టిక్కర్ చూసి కళ్లు మూసుకుని కొనేవాళ్ల లాంటివాళ్లు. 45 రోజుల సర్టిఫికెట్ చాలనుకునేవాళ్లు వెర్నియర్ కొలత చూసి మురిసిపోయేవాళ్ల లాంటివాళ్లు. లోపల ఏ లోహం ఉందో ఇద్దరూ చూడలేదు.

చివరగా

జి.డి. నాయుడు గారు 1974 జనవరి 4న కన్నుమూశారు. కోయంబత్తూరులో ఆయన పేరు మీద మ్యూజియం ఉంది, దానికి తోడుగా పాత కార్ల మ్యూజియం 2015లో తెరిచారు. 2025 అక్టోబర్‌లో ఆ ఊళ్లో అవినాశి రోడ్డు మీద పదికిలోమీటర్ల పొడవున్న కొత్త ఫ్లైఓవర్‌కి ఆయన పేరే పెట్టారు. ఆయన జీవితం మీద మాధవన్ హీరోగా ఒక సినిమా కూడా ప్రకటించారు. సినిమా వచ్చాక మనవాళ్లు కూడా ఆయన గురించి మాట్లాడుకుంటారేమో.

ఒరిజినలా, బయటిదా అన్న ప్రశ్నకి ఆయన జీవితం నుంచి నేను తీసుకున్న జవాబు ఇది. కంపెనీ పేరుకి మనం కట్టే ఎక్కువ డబ్బు, మన బదులు ఎవరో కొలిచి పరీక్షించినందుకు ఇచ్చే కూలి. మనకి కొలవడం రాని చోట ఆ కూలి ఇవ్వడమే తెలివి, అందులో నామోషీ ఏమీ లేదు. కొలవడం వస్తే ఆ డబ్బు మిగుల్చుకోవచ్చు. కొలవడం రాకుండా డబ్బు మిగుల్చుకుందామంటే మాత్రం ఆ లెక్క ఘాట్ రోడ్డు మీద డ్రైవరు తీరుస్తాడు. అందుకని ఈ సెమిస్టర్ సెలవుల్లో ఇంట్లో పాడైపోయిన మిక్సీయో, ఫ్యానో, పాత ఫోనో ఉంటే, ప్లగ్గు తీసేసి ఒక స్క్రూడ్రైవర్ పట్టుకోండి. విప్పిన వరసలోనే స్క్రూలు పేపరు మీద పెట్టుకోవడం మాత్రం మర్చిపోకండి.